మేస్త్రి తోయనివ్వని కారు

బస్సు డిపోలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కర్నూలులో రిటైరైన మెకానిక్కులం ఇంకా కొందరం ఉన్నా, టీ ధారాళంగా ఇచ్చే ఇల్లు మాదేనని వాళ్లకు ఎవరో చెప్పినట్టున్నారు. వచ్చినవాళ్లు అటూ ఇటూ మాట్లాడి చివరకు అడిగేది ఒక్కటే. మిమ్మల్ని బాగా ఏడిపించిన బండి ఏది అని. ఘాట్ రోడ్డులో బ్రేకులు పోయిన బస్సు కథ ఏదో చెబుతానని కాచుకుని కూర్చుంటారు.

నన్ను ఏడిపించిన బండి డిపోది కాదు నాయనా. సర్వీసులో ఉండగా నా చేతికి వచ్చిందీ కాదు. రిటైరై, శాలువా కప్పించుకుని, ఇంట్లో కూర్చున్న తరువాత వచ్చింది. (కర్నూలు ఎండల్లో మనిషికి శాలువా కప్పాలని ఏ మహానుభావుడికి తోచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) ఆ బండి పైన టాపు లేని, రెండే సీట్లున్న, ఆకుపచ్చ రంగు ఇంగ్లీషు కారు. రేసుల సరదా ఉన్నవాళ్ల కోసం చేసిన పాతకాలపు కారు. ఏడిపించింది అని మాటవరసకు అనడం లేదు. నిజంగానే ఏడ్చాను. అందుకే దాని సంగతి ఒకసారి తీరిగ్గా రాసి పెట్టాలనుకున్నాను.

ఆ కారు ప్రొద్దుటూరులో ఒక పెద్ద శెట్టిగారిది. శెనగనూనె మిల్లు, బజారులో బట్టల కొట్టు ఉన్న ఇల్లు. కడప జిల్లాలో ముగ్గురాయి (బెరైటీస్) గనులు నడిపిన ఒక తెల్లాయన దేశం వదిలిపోతూ అమ్మితే శెట్టిగారు ముచ్చటపడి తీసుకున్నారు. కొన్న తరువాత తెలిసింది, నడపడం ఒకెత్తు, సాకడం ఇంకొకెత్తు అని. దాన్ని సాకడానికి కమలాపురం నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. గనుల్లో లారీలు బాగుచేసిన మనిషి. ఆదివారం పొద్దున చర్చికి పోవడం, మిగతా కాలమంతా మిల్లు వెనక రేకుల షెడ్డులో ఆ కారుతో ఉండడం, అదీ ఆయన బతుకు. డిపోలో ఉద్యోగం వచ్చేదాకా నేను పని నేర్చుకున్నది ఆ షెడ్డులోనే.

మేస్త్రి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే తిట్టేవాడు. నన్ను అబ్బీ అనే పిలిచేవాడు. ఆ కారు నట్లకు మన బజారు పానాలు పట్టవు, దాని కొలతలే వేరు. ఆయన మామూలు పానాలనే ఆకురాయితో అరగదీసి, నట్టుకో పానా చొప్పున చేసుకున్నాడు. వాటిని తాకాలంటే చేతులు కడుక్కోవాలి. సీమ నీళ్లల్లో ఉప్పు కాబట్టి రేడియేటరులో ఉప్పు పొర కడుతుందని, ఎండాకాలం రాకముందే చింతపండు పిసికిన నీళ్లు పోసి ఇంజను తిప్పి కడిగేవాడు. ఇత్తడి చెంబుకు పనికొచ్చింది ఇత్తడి రేడియేటరుకు ఎందుకు పనికిరాదు అనేవాడు. కీ తిప్పగానే కారు వెనక భాగంలో పెట్రోలు పంపు టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. పెట్రోలు నిండాక దానంతట అదే ఆగుతుంది. ఆగినాకే స్టార్టరు లాగాలి. ముందే లాగితే నా వీపు మీద ఒకటి పడేది.

అన్నిటికన్నా పెద్ద పట్టింపు ఇంకొకటి ఉంది. ఆ కారును ఎవరూ తోయకూడదు. షెడ్డులోంచి వాకిట్లోకి తేవాలన్నా స్టార్టు చేసే తేవాలి. ఒకరోజు ఆయన లేనప్పుడు కడుగుదామని నేను, మిల్లు హమాలీ ఒకాయన కలిసి బయటికి తోశాం. నాలుగడుగులు జరిగిందో లేదో మేస్త్రి వచ్చాడు. హమాలీని ఏమీ అనలేదు. నా వైపు తిరిగాడు.

"తోసుకపోయేదానికి అదేమన్నా శవమారా అబ్బీ? పానం ఉండేదాన్ని దాని కాళ్ల మీద నడిపించాల."

ఆయన చేతిలో ఉన్నన్ని ఏళ్లూ ఆ కారు రోడ్డు మీద ఆగి ఎవరి చేతా తోయించుకోలేదు. జిల్లాలో ఎవరిని అడిగినా ఆ మాట చెప్పేవాళ్లు. ఆయనకు ఆస్తి అంటూ ఉంటే ఆ పేరే.

పెద్ద శెట్టిగారు పోయాక కొడుకు వ్యాపారం కర్నూలుకు మార్చి, కారును కూడా తెచ్చుకున్నాడు. మేస్త్రి అప్పటికే పెద్దవాడై కమలాపురంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఈ కొడుకును మేస్త్రి చిన్నప్పటి నుంచి చిన్నశెట్టి అని పిలిచేవాడు. నాకూ అదే అలవాటు. ఇప్పుడు అరవై దాటి, షుగరు మాత్రలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నా నా లెక్కలో ఆయన చిన్నశెట్టే. కారును గోడౌనులో పెట్టి వారానికొకసారి స్టార్టు చేసేవాడు. దసరాకు నేను వెళ్లి ఆయిలు మార్చి వచ్చేవాణ్ని. ఊరు దాటి దాన్ని తీసుకుపోయిన పాపాన పోలేదు ఎవరూ.

కొన్నేళ్ల కిందట, ఎండలు ముదిరిన రోజుల్లో, చిన్నశెట్టి మా ఇంటికి వచ్చాడు. టీ ముట్టలేదు. మేస్త్రి మంచం పట్టాడట. గంజి తప్ప ఏదీ దిగడం లేదట. కూతురు ఫోను చేసి, మా నాయన ఎవరినీ అడగడం లేదు, ఆ కారు ఇంజను ఒక్కసారి వినాలని మాత్రం అడుగుతున్నాడని చెప్పిందట.

దానికేముంది, లారీ మీద ఎక్కించి తీసుకుపోదాం, అక్కడ దింపి స్టార్టు చేద్దాం అన్నాను. ఎండలో ఆ దూరం ఆ కారును నడపడమంటే ఏమిటో నాకు తెలుసు.

"నేనూ అట్లే అన్యా. ఆ పాప పోయి ఆయప్పకు చెప్పింది. ఏమన్యాడో తెలుసునా? లారీ మీద ఎక్కించుకొని తెచ్చేటట్టయితే తేవద్దు, దాని కాళ్ల మీద అది రావాల అన్యాడంట. నేను మాటిచ్చినానప్పా. ఎట్లన్నా చేసి నువ్వు తీసుకరావాల."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాళ్ల నాయన మిల్లు పనిలో ఉంటే, ఆ రెండో సీట్లో మేస్త్రి పక్కన కూర్చుని ఊరంతా తిరిగిన పిల్లవాడే ఆయన. నేను కాదనలేకపోయాను.

డిపోలో నాతో పాటు పనిచేసి రిటైరైన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. సాయిబు. మేమందరం భాయ్ అనేవాళ్లం. వైరింగు చూడమని పిలిస్తే వచ్చి, బానెట్ ఎత్తి, ఆ తీగలన్నీ చూసి, ఇది కారా, కంసాలి పెట్టెనా అన్నాడు. అయినా వేళాకోళం చేస్తూనే ఒక్కొక్క తీగా విప్పి, శుభ్రం చేసి, కట్టాడు. నేను చింతపండు నీళ్లతో రేడియేటరు కడిగాను. కార్బురేటర్లు విప్పాను. పైపులన్నీ కొత్తవి వేశాను. మేస్త్రి అరగదీసిన పానాలు డిక్కీలో మందపు గుడ్డలో చుట్టి అలాగే ఉన్నాయి. వాటిని తీసే ముందు నాకు తెలియకుండానే చేతులు కడుక్కున్నాను.

తెల్లవారుతుండగా బయలుదేరాం. చిన్నశెట్టి నడుపుతున్నాడు, నేను పక్కన. వెనక భాయ్ తన ట్రాలీ ఆటోలో సామాను, నీళ్ల క్యాన్లు వేసుకుని వస్తున్నాడు. ఓర్వకల్లు రాళ్ల గుట్టల దగ్గర చల్లగాలికి ఇంజను ఎంత బాగా పాడిందంటే, నేను అనవసరంగా భయపడ్డానేమో అనిపించింది. బైకుల మీద పోతున్న కుర్రాళ్లు పక్కనే వచ్చి ఫోటోలు తీసుకున్నారు. చిన్నశెట్టి వాళ్లకు చెయ్యి ఊపాడు. ఆ రోజు ఆయన మొహంలో నవ్వు చూసింది ఆ కాసేపే.

నంద్యాల దాటినాక ఎండ తన పని మొదలుపెట్టింది. కారు ముందు పలకలో నీళ్ల వేడి చూపించే సూది ఒకటి ఉంటుంది. అది మధ్యలో నిలబడి ఉన్నంతసేపు ఇంజనుకు హాయి. కుడివైపు ఎర్రగీత దగ్గరికి పోతే ఆపాలి. ఆపినాక మూత తీయకూడదు, పైన నీళ్లు పోయకూడదు. కాలిన ఇంజను మీద చన్నీళ్లు పడితే ఇనుము పగులుతుంది. రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి నిలపగలిగినప్పుడే మళ్లీ బయలుదేరాలి. ఇదంతా మేస్త్రి నేర్పించిన పద్ధతి. ఇప్పటి బండ్లకు ఇవేమీ అక్కర్లేదు కాబట్టి మీకు చాదస్తంగా ఉంటుంది.

ఆళ్లగడ్డ ముందు ఒకసారి ఆపించాను. చాగలమర్రి దాటాక ఇంకొకసారి. మైదుకూరు దగ్గర పెట్రోలు పైపులోనే కాగి ఆవిరైపోయింది. పంపు టిక్కుటిక్కుటిక్కుమని ఆగకుండా కొట్టుకుంటోంది కానీ ఇంజనుకు చుక్క అందడం లేదు. గోనెపట్టా తడిపి పైపుకు చుట్టి, వేపచెట్టు నీడలో కూర్చున్నాం. చిన్నశెట్టి కాలు ఒక చోట నిలవడం లేదు. ఫోను చూసుకోవడం, నా వైపు చూడడం. ఇంకెంతసేపు అని అడగలేదు కానీ ఆ చూపు అడుగుతూనే ఉంది. భాయ్ పుచ్చకాయ కోసి పెడితే ఒక్క ముక్క కూడా ముట్టలేదు.

ప్రొద్దుటూరులో పాత మిల్లు ముందు నుంచి పోయాం. అక్కడ ఇప్పుడు కల్యాణ మండపం ఉంది. ఇద్దరం తల తిప్పి చూశాం. పెన్న మీద వంతెన దాటి ఎర్రగుంట్ల చేరేసరికి మధ్యాహ్నం బాగా వాలింది. నాపరాళ్ల లారీల వెనక నత్తనడకన పోవలసి రావడంతో సూది మళ్లీ ఎర్రగీతకు అంటుకుంది. పక్కకు తీయించాను. అప్పుడే ఫోను మోగింది. మేస్త్రి కూతురు. నాయనకు ఊపిరి అందడం లేదు, తొందరగా రండి అని.

కమలాపురం అక్కడికి ఎంతో దూరం లేదు. చిన్నశెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇట్లే పోదాం పదప్పా. పోతే పోనీ ఇంజను. ఇంగ దీన్ని ఎవరి కోసం దాచిపెట్టాల?"

ఆయన మాటలో తప్పు లేదు. కానీ నాకు తెలుసు, ఆ వేడిలో లాగితే ఇంజను ఊరి పొలిమేర దాకా కూడా పోదు. నడిమధ్యలో బిగుసుకుపోతుంది. ఇక ఎప్పటికీ మోగదు. తాడు కట్టి లాక్కుపోయిన కారును ఆ మనిషి ముందు పెట్టలేను.

"ఆయప్ప అడిగింది దీన్నే గదా శెట్టిగారూ. మీరు భాయ్‌తో ఆటోలో పోండి. ఇది సల్లారినాక నేను తీసుకొస్తా. కారు వస్తాండాదని చెప్పండి."

వాళ్లు వెళ్లిపోయారు. రోడ్డు పక్కన నేనూ, కారూ మిగిలాం. నా సర్వీసు మొత్తం మీద అంత భారంగా గడిచిన సమయం లేదు. రేడియేటరు మీద చెయ్యి పెట్టేవాణ్ని, చురుక్కుమంటే తీసేసేవాణ్ని. మధ్యలో ఓపిక పట్టలేక సీట్లో కూర్చుని కీ మీద చెయ్యి వేశాను కూడా. అక్కడ ఒక మనిషి ప్రాణం పోతోంది, ఇక్కడ నేను ఇనుము చల్లారడం కోసం కూర్చున్నాను. ఇదేం పని, నేనేం మనిషిని అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా కీ తిప్పలేదు. కిందికి దిగితే చెయ్యి మళ్లీ రేడియేటరు మీదికే పోయింది. చేతికి ఆయన చేసిన అలవాటు అది.

అరచెయ్యి నిలిచింది. స్టార్టు చేశాను. పొద్దు వాలి గాలి కాస్త చల్లబడింది, సూది మధ్యలో నిలబడింది. ఆ మిగిలిన దారి కారు ఎక్కడా మొరాయించలేదు. మేస్త్రీ వస్తాండా, మేస్త్రీ వస్తాండా అని నోట్లో అనుకుంటూనే నడిపాను.

వాళ్ల వీధి మలుపులో భాయ్ నిలబడి ఉన్నాడు. నెత్తిన టోపీ పెట్టుకుని ఉన్నాడు. ఆ టోపీ ఆయన నమాజుకు, చావులకు తప్ప పెట్టడు. చెయ్యి ఎత్తి మెల్లగా ఊపాడు. నేను అక్కడే ఇంజను ఆపేశాను. ఇంటి అరుగు మీద చిన్నశెట్టి తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

లోపలికి పోయి మేస్త్రిని చూశాను. తెల్లటి దుప్పటి మీద చేతులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా గోళ్ల పక్కన పోని ఆ నల్లటి మరకలు అట్లాగే ఉన్నాయి. అప్పటిదాకా ఆపుకున్నది ఇక ఆగలేదు. ముందే వచ్చి ఉంటే వినేవాడు కదా, నా జాగ్రత్తే ఆయన కోరిక తీరకుండా చేసింది కదా అని మంచం కోడు పట్టుకుని ఏడ్చాను.

మరుసటి రోజు పొద్దున మేస్త్రి కూతురు నాకు కాఫీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. ఆమె బడిలో వంట చేస్తుంది. రాత్రంతా ఏడ్చిన గొంతుతో, మెల్లగా, నిన్న జరిగింది చెప్పింది. చిన్నశెట్టి వచ్చి కారు దారిలో ఉంది మేస్త్రీ అంటే ఆయన కళ్లు తెరిచాడట. తలుపు తీసి పెట్టమన్నాడట. చెవి వీధి వైపే పెట్టి పడుకున్నాడట. ఊపిరి మరీ కష్టమవుతుంటే చూడలేక, వీధిలో ఏదో బండి పోతున్న చప్పుడు వినబడగానే చిన్నశెట్టి ఆయన చెవి దగ్గరికి వంగి, వచ్చింది మేస్త్రీ, కారు వచ్చేసింది అన్నాడట. తృప్తిగా పోతాడని.

"మా నాయన నగినాడన్నా. అది ట్రాక్టరులే చిన్నశెట్టీ అన్యాడు. అబ్బీని తొందరపెట్టొద్దు, ఇంజను సల్లారనీ అన్యాడు. ఆ తర్వాత ఇంగ ఏం మాట్లాడలే."

అదే ఆయన చివరి మాట. ఆయన మంచంలో ఉన్నాడు, నేను ఎర్రగుంట్ల రోడ్డు మీద ఉన్నాను. నేను ఆగిపోయానని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి బయటికి చూశాను. చిన్నశెట్టి అరుగు మీదనే ఉన్నాడు. అబద్ధం చెప్పినందుకు ఆయన సిగ్గుపడుతున్నాడని, అందుకే నాతో ఆ సంగతి ఎత్తలేదని అప్పుడు అర్థమైంది.

సమాధి ఆ సాయంకాలానికి పెట్టుకున్నారు. ముందు కారు పోవాలి, వెనక మా నాయన పోవాలి అని కూతురు అడిగింది. పాస్టరు అయ్యగారు సరే అన్నారు. ఆ కారు పరుగెత్తేదానికి చేసింది. మనుషుల నడకతో సమానంగా మెల్లగా పోతే దాని ఫ్యాను గాలి చాలదు. ఎండ ఇంకా దిగలేదు. అయినా ఆ పిల్ల మొహం చూసి ఎట్లా కాదంటాను? భాయ్‌ని పిలిచి నీళ్లు దగ్గర పెట్టుకోమని చెప్పాను.

నేను నడిపాను. చిన్నశెట్టి పూలదండ ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. వెనక శవపెట్టెను మోసేవాళ్లు, వాళ్ల వెనక పాడుతున్న ఆడవాళ్లు. మా వైపు పాడెనైనా పెట్టెనైనా ఒకే మనుషులు చివరిదాకా మోయరు. నాలుగడుగులు నడిచినాక ఒకరు పక్కకు తప్పుకుంటే ఇంకొకరు భుజం పెడతారు. ఊళ్లో ఆయన్ను ఎరిగిన ప్రతి మగవాడికీ ఆ వంతు రావాలి. వచ్చేదాకా ఎవరూ వెనక్కి పోరు.

చర్చి దాటి పాపాఘ్ని వైపు తిరిగే దారికి వచ్చేసరికి సూది ఎక్కడం మొదలుపెట్టింది. నేను సూదినే చూస్తున్నాను. చిన్నశెట్టి కూడా చూస్తున్నాడు. సమాధుల తోట దూరంగా కనబడుతోంది. ఇంకాస్త దూరం లాగితే చేరవచ్చు. చేరకపోవచ్చు. ఆగిపోతే బుస్సుమని ఆవిరి చిమ్ముతుంది, పాట ఆగిపోతుంది, జనం చుట్టూ మూగుతారు. ఆపేద్దామంటే, బతికినన్నాళ్లూ ఈ కారును ఎవరి చేతా తోయించని మనిషి ఆయన. ఆయన కడపటి దారిలో, ఆయన కళ్లముందే, ఊరందరి చేతా తోయించనా? ఆ పట్టింపు ఒక్కటే కదా ఆయన సంపాదించుకున్నది.

సూది గీత దగ్గరికి వచ్చింది. ఇంజను సల్లారనీ అన్న మాట చెవిలో పడ్డట్టయింది. కీ తిప్పి ఆపేశాను.

ఇంజను చప్పుడు పోగానే వెనక పాట ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకుంది. నేను స్టీరింగు పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాను. ఎవరి మొహమూ చూడలేకపోయాను. ముందు భాయ్ వచ్చాడు. కారు వెనక భుజం ఆనించాడు. చిన్నశెట్టి దండను సీట్లో పెట్టి దిగాడు. చెప్పులు మేస్త్రి ఇంటి దగ్గరే విడిచి వచ్చాడు, వట్టి కాళ్లు. షుగరు మనిషి, కాళ్లు కాలతాయి ఎక్కండి శెట్టిగారూ అన్నాను. వినిపించుకోలేదు. డిక్కీ మీద రెండు చేతులూ పెట్టి తోశాడు. కారు కదిలింది.

తరువాత జరిగినది నేను అద్దంలో చూశాను. పెట్టె మోసి వంతు అయిపోయిన ఒక పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు. మామూలుగా అయితే గుంపులో కలిసి నడవాలి. ఆయన ముందుకు వచ్చి, చిన్నశెట్టి పక్కన కారుకు భుజం పెట్టాడు. ఆయన వచ్చాడని భాయ్ తప్పుకుని పెట్టె దగ్గరికి పోయాడు. అక్కడ ఆయనకు చోటు ఇచ్చారు. ఆ తరువాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పెట్టె వదిలినవాళ్లు కారు దగ్గరికి, కారు వదిలినవాళ్లు పెట్టె దగ్గరికి, వంతులు మార్చుకుంటూ వచ్చారు. కొంతదూరం పోయాక చిన్నశెట్టి కూడా కారు వదిలి వెనక్కి వెళ్లాడు. శెట్లు కిరస్తానం వాళ్ల పెట్టెకు భుజం పెట్టడం నేను అంతకుముందు చూడలేదు. ఎవరూ వింతగా చూడలేదు. ఒకాయన తన భుజం మీది తుండుగుడ్డ తీసి ఆయన భుజం మీద వేసి, పక్కకు జరిగాడు.

శవమా తోసేదానికి అని నన్ను తిట్టిన మాట అప్పుడు గుర్తొచ్చింది. తోయడం కాదు మేస్త్రీ, మోస్తాండారు అని మనసులో చెప్పుకున్నాను. స్టీరింగు తిప్పుతున్న చేతుల మీద కన్నీళ్లు పడుతున్నా తుడుచుకోలేదు.

సమాధుల తోటలో కారును గోడ పక్కన నిలిపాం. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. అందరూ పిడికెడు మన్ను వేశారు. నేనూ వేశాను. జనం మెల్లగా కదలబోతుండగా మేస్త్రి కూతురు నా దగ్గరికి వచ్చింది. కళ్లు తుడుచుకుంది.

"అన్నా, మా నాయన ఇంజను ఇనాలన్యాడు గదా. ఇప్పుడొకసారి ఎయ్యన్నా."

బానెట్ ఎత్తి రేడియేటరు మీద అరచెయ్యి పెట్టాను. నిలిచింది. అంతసేపు అంతమంది మోసుకొచ్చారు, చల్లారింది. ఆపకుండా లాగి ఉంటే ఇక్కడ నా దగ్గర ఇనుప ముద్ద ఉండేది, ఇంజను ఉండేది కాదు.

సీట్లో కూర్చుని కీ తిప్పాను. వెళ్లబోతున్నవాళ్లు ఆగారు. అంత నిశ్శబ్దంలో పంపు కొట్టుకోవడం మొదలుపెట్టింది. టిక్కు, టిక్కు, టిక్కు. అందరికీ వినబడుతోంది. నా చెయ్యి స్టార్టరు మీద ఉంది కానీ లాగలేదు. చప్పుడు నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగింది. అప్పుడు లాగాను.

మొదటి లాగుకే అందుకుంది. అక్కడున్నవాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. భాయ్ చేతులు కట్టుకున్నాడు. చిన్నశెట్టి కొత్త మట్టి దగ్గర కూర్చుని ఒక చెయ్యి దాని మీద ఆనించాడు. ఇంజను మెల్లగా, తప్పులేకుండా నడుస్తోంది. సూది మధ్యలో నిలబడి ఉంది. మేస్త్రి కూతురు ఇంగ చాలన్నా అనేదాకా నేను దాన్ని ఆపలేదు.